సముద్రం దగ్గర రెండో వంటిల్లు

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత డాబా ఇంటి వరండా. మే నెల, ఆదివారం పొద్దున తొమ్మిది గంటలు. ఆవకాయకు కొట్టించిన మామిడి ముక్కలు పాత చీర మీద పోసి ఉన్నాయి. విజయవాడ సింగ్ నగర్ నుంచి తొలి బస్సుకు వచ్చిన చెల్లెలు ఒక్కొక్క ముక్కనూ పొడిగుడ్డతో తుడిచి, టెంకకు అంటుకున్న పొరను గోటితో లాగి పారేస్తోంది. ఆమె భర్త జూన్ నెలాఖరుకు ఉద్యోగ విరమణ చేస్తారు. వచ్చే డబ్బులో 48 లక్షలు పెట్టి సూర్యలంక రోడ్డులో, సెలవులకు వెళ్ళి ఉండడానికి ఒక ఇల్లు కొనాలని అనుకుంటున్నారు. మంగళవారం అడ్వాన్సు ఇవ్వాలి. ఈ వాదనలో నేను అక్క పక్షం. అయితే చెల్లెలు అన్న మాటల్లో నాకు జవాబు తోచనివి కొన్ని ఉన్నాయి. వాటిని తగ్గించి రాయలేదు.

చెల్లెలు: ఫొటోలు అన్నీ చూశావు. ఒక్క మాటా అనవేమిటి అక్కా?

అక్క: ఇల్లు బాగుంది. కొత్త ఇల్లు ఎవరిదైనా బాగానే ఉంటుంది. సంక్రాంతికి అరకు అన్నావు, ఇప్పుడు సూర్యలంక అంటున్నావు. ఎక్కడో ఒకచోట కొని తీరాలన్న పట్టుదల దేనికో అర్థం కావడం లేదు.

చెల్లెలు: అరకులో మనం కొనకూడదని తెలిసిందిగా. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళ పేర భూమి రిజిస్టరు చేయడం చెల్లదు. 1959లో వచ్చిన నిబంధన అది, 1970లో సవరించి ఇంకా గట్టి చేశారు. అందరూ 1/70 అంటారే, అదే. వేరేవాళ్ళ పేరు మీద కొనిపెడతామని ఒకరు ముందుకొచ్చారు కూడా. ఒకరి నేలను దొంగదారిన తీసుకోవడం మాకు ఇష్టం లేక వదిలేశాం. సూర్యలంకలో ఆ చిక్కు లేదు. రైలెక్కితే తెనాలి మీదుగా బాపట్ల, అక్కడి నుంచి 9 కిలోమీటర్లు.

అక్క: సముద్రానికి ఎంత దూరం?

చెల్లెలు: నడిచి వెళ్ళవచ్చు.

అక్క: మీటర్లలో చెప్పు. సముద్రపు పోటు చేరే గీత నుంచి 500 మీటర్ల దాకా తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. జనం పలుచగా ఉన్న పల్లెల్లో మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కట్టనే కూడదు. ‘నడిచి వెళ్ళవచ్చు’ అని బ్రోచర్లో వేసినవాడు ఈ సంగతి వేయడు. ఆ స్థలం మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే ఈసీ తీయించారా? పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు ఎన్నేళ్ళ వెనక్కి ఉన్నాయి? రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూశారా? ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి అయితే రేపు ఎవరికి మొరపెట్టుకుంటారు?

చెల్లెలు: ఆయన చూస్తున్నారు.

అక్క: మంగళవారం అడ్వాన్సు పెట్టుకుని, ఆదివారానికి ఇంకా చూస్తూనే ఉన్నారా?

చెల్లెలు: సరే, కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయనే అనుకో. అప్పుడు కొనమంటావా?

అక్క: అప్పుడూ వద్దంటాను.

చెల్లెలు: అదుగో. అలాంటప్పుడు కాగితాల ఊసు ఎందుకు? అసలు మాట చెప్పు.

అక్క: ముందు లెక్క చెబుతాను, విను. 48 లక్షలకు రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం, అంటే 3 లక్షల 60 వేలు. అవి పోయినట్టే లెక్క, తిరిగి రావు. ఆ 48 లక్షలూ బ్యాంకులో వేస్తే 7 శాతం చొప్పున ఏడాదికి 3 లక్షల 36 వేలు వడ్డీ. పెన్షన్ మీద బతకబోయేవాళ్ళకు నెలకు 28 వేలు అదనంగా చేతికందుతాయి. ఇంటికి కాపలా మనిషిని పెట్టాలి, నెలకు 6 వేలు ఇవ్వనిదే ఎవరు ఉంటారు? అది 72 వేలు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను, సున్నాలు, మోటారు రిపేరు పక్కన పెట్టు. వడ్డీ, కాపలా కలిపితేనే 4 లక్షల 8 వేలు. ఏడాదిలో మీరు అక్కడ ఎన్ని రోజులు ఉంటారు? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు.

చెల్లెలు: ఒక ఇరవై రోజులు. పిల్లలు వస్తే ఇంకో నాలుగు.

అక్క: ఇరవై అనుకుంటే రోజుకు 20,400 రూపాయలు. సూర్యలంకలోనే పర్యాటక శాఖ వారి రిసార్టు ఉంది. ఆ డబ్బుతో అక్కడ పది మంది ఉండి, భోజనం చేసి, చేతులు కడుక్కుని రావచ్చు.

చెల్లెలు: వడ్డీ మీద పన్ను తీసివేయలేదు నువ్వు. ధరలు పెరుగుతూ పోతే పదేళ్ళకు ఆ 48 లక్షల విలువ ఎంతకు దిగుతుందో, అదీ తీసివేయలేదు. స్థలం ఆ మేరకైనా పెరుగుతుంది. పైగా 2019-20 నుంచి రెండో ఇంటికి కూడా వచ్చిపడని అద్దెను ఊహించి పన్ను వేయడం మానేశారు. ఇదంతా ఎందుకు, నీ ఇంటి సంగతే తీసుకో. పై వాటా ఆరేళ్ళుగా ఖాళీగా ఉంది. అద్దెకున్నవాళ్ళు గొడవ పెడుతున్నారని తాళం వేశావు. బ్రాడీపేటలో రెండు గదుల వాటాకు అద్దె ఎంత వస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు. దానికి రోజుకు ఎంతని లెక్క వేశావు?

అక్క: అది నేను పుట్టించుకున్న ఖర్చు కాదు, ఆయన బతికుండగా కట్టించారు.

చెల్లెలు: తాళం నువ్వే వేశావుగా.

అక్క: వేశాను. ఆ లెక్క నేను వేసుకోలేదు, నిజమే. కానీ నాది ఊరి నడుమ ఉంది, రేపు అద్దెకిస్తానంటే సాయంత్రానికి నలుగురు వస్తారు. మీది అమ్ముదామన్నప్పుడు సముద్రం ఒడ్డున సెలవుల ఇల్లు కావలసినవాడి కోసం ఎన్నాళ్ళు కూర్చుంటారు? లాభం వస్తే దాని మీద 12.5 శాతం పన్ను కట్టాలి. 2024 జూలై 23 తరువాత కొన్నవాటికి, పెరిగిన ధరల మేరకు కొన్న ధరను పెంచి చూపించుకునే వీలు కూడా లేదు.

చెల్లెలు: అమ్మడానికి కొనడం లేదు అక్కా. ఒక్క మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి మా వీధిలోకి వచ్చింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మేము మొదటి అంతస్తులో ఉన్నాం కాబట్టి ప్రాణాలతో మిగిలాం. కింద స్కూటరు హ్యాండిల్ కూడా కనబడలేదు. రెండు రాత్రులు కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు. పడవ వస్తే రెండు సంచులతో దిగి, నీ దగ్గరికి వచ్చి తొమ్మిది రోజులు ఉన్నాం. ఆ తొమ్మిది రోజులూ ఆయన నీ వరండాలో కూర్చుని, మనకంటూ తలదాచుకోవడానికి ఇంకొక చోటు లేదు అనుకున్నారు. ఈ ఇంటి ఆలోచన సూర్యలంకలో పుట్టలేదు. ఇదిగో, ఈ వరండాలో పుట్టింది.

అక్క: ఇంకొక చోటు లేదు అనుకున్నారా? నా ఇల్లు మీకు చోటు కాదా?

చెల్లెలు: అది కాదు అక్కా.

అక్క: ఏది కాదు? మీరు దిగేసరికి నేను వీధి చివర నిలబడి ఉన్నాను. మరిదిగారికి చక్కెర లేని కాఫీ వేరుగా పెట్టాను. తొమ్మిది రోజులు పరాయి ఇంట్లో ఉన్నట్టు ఉన్నారన్నమాట!

చెల్లెలు: మా బట్టలు మేము ఆరేసుకున్నా నువ్వు తీసి మడతపెట్టేదానివి. ఒక రోజు ఆయన పాలకు డబ్బులిస్తే తిరిగి ఇచ్చేశావు. ఎంత ప్రేమగా చూసినా, చుట్టం చుట్టమే. నీకు ఎప్పుడూ ఆ అవసరం రాలేదు కాబట్టి తెలియదు. అయినా చోటు సంగతి వస్తే, కొల్లిపర వైపు అమ్మ ఇల్లు ఉంది. అది ఎందుకు అలా అయిందో చెప్పు. పెంకులు మార్పించడానికి తలా లక్ష వేసుకుందాం అన్నాను. ‘ఎవరు ఉంటారని’ అన్నది నువ్వు. ఇప్పుడు వంటింటి గోడలో రావి మొక్క మొలిచింది.

అక్క: ఆ మాట అప్పుడు అన్నాను, నిజమే. అమ్మ పోయి ఆరు నెలలే అయింది. ఆ గడపలోకి వెళ్ళాలంటే కాళ్ళు ఆడేవి కావు. నువ్వు మాత్రం ఆ తరువాత ఒక్కసారైనా వెళ్ళి పది రోజులు ఉన్నావా? తాళంచెవి నీ దగ్గరే ఉందిగా.

చెల్లెలు: ఉంది. సంచిలోనే ఉంది.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ముక్కలు తుడవడం సగానికి వచ్చింది.)

అక్క: వరద భయంతో అయితే సముద్రం దగ్గరికి వెళ్ళకు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 1977 నవంబరులో దివిసీమ ఏమైందో నాన్న చెబుతుంటే మనమిద్దరం దుప్పటి కప్పుకుని విన్నాం. బుడమేరు నుంచి పారిపోయి ఉప్పెన ముందు కూర్చుంటావా?

చెల్లెలు: తుపాను వస్తే నాలుగు రోజుల ముందే చెబుతున్నారు, తాళం వేసి వచ్చేస్తాం. బుడమేరు చెప్పి రాలేదు.

అక్క: అది ఒప్పుకుంటాను. సరే, నా అసలు మాట చెబుతాను, మధ్యలో అడ్డు రాకు. మూడేళ్ళ క్రితం, నాతో బడిలో పనిచేసిన స్నేహితురాలు చీరాల ఓడరేవులో కొన్న ఇంటికి మమ్మల్ని తీసుకెళ్ళింది. నాలుగు నెలల తరువాత తలుపు తీస్తున్నారు. తాళంచెవి తిరగలేదు. వాళ్ళ ఆయన రెండుసార్లు తిప్పి, ఇది రాదని కారు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆమె సంచిలో నుంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసింది. వచ్చిన ప్రతిసారీ ఇదే వరస అని అప్పుడు తెలిసింది నాకు. రెండు చుక్కలు వేసి, ఊది, చెవిని అటూ ఇటూ కదుపుతూ పావుగంట నిలబడింది. తాళం ఊడేసరికి ఆమె అరచెయ్యి తుప్పుతో ఎర్రబడింది. లోపల కిటికీ బందులు పొరలు పొరలుగా లేచిపోయాయి. గడియ పట్టుకుంటే ఇసుకలా రాలింది. ఉప్పుగాలికి ఇనుము అంతే. పరుపులో ఎలుక పిల్లలను పెట్టింది. బియ్యం డబ్బా నిండా పురుగు. బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పన. మగవాళ్ళు, పిల్లలు తువ్వాళ్ళు భుజాన వేసుకుని సముద్రానికి వెళ్ళారు. మేమిద్దరం కొంగులు బిగించి బూజులు దులిపి, గదులు కడిగి, పరుపు బయట పారేసి, గ్యాసు బండ మార్చేసరికి మధ్యాహ్నం రెండయింది. వాళ్ళు ఆకలి అంటూ వచ్చారు. మూడు రోజులూ అదే. వచ్చేరోజు మళ్ళీ గిన్నెలు తోమి బోర్లించి, ఫ్రిజ్ ఖాళీ చేసి, దుప్పట్లు మూటకట్టి, మెయిన్ ఆపి, ఆ తాళానికే మళ్ళీ నూనె పోసి వేసింది. కారులో కూర్చున్నాక నన్ను అడిగింది, ‘ఈసారి సముద్రం ఎలా ఉంది?’ అని. మూడు రోజులు అక్కడే ఉంది, ఆమె ఒక్కసారి కూడా ఒడ్డుకు వెళ్ళలేదు. ముప్ఫై ఆరేళ్ళుగా నువ్వు ఒక వంటిల్లు నడుపుతున్నావు. మరిదిగారు జూన్‌లో విరమణ చేస్తారు, నీకు విరమణ ఎప్పుడని ఎవరైనా అడిగారా? సూర్యలంకలో ఇల్లు కొంటే సెలవు ఆయనకు, పిల్లలకు. నీకు రెండో వంటిల్లు. 48 లక్షలు పెట్టి నీ చాకిరీని రెట్టింపు చేసుకుంటావా?

చెల్లెలు: అది ఇంటి తప్పా అక్కా? ఆ ఇంటాయన తప్పు. తాళం రాలేదని కారు దగ్గరికి వెళ్ళిపోయిన మనిషి రిసార్టుకు వెళ్ళినా అంతే, ఆమె చేతే బట్టలు సర్దిస్తాడు.

అక్క: రిసార్టులో గిన్నెలు తోమించలేడుగా.

చెల్లెలు: ఒకటి చెప్పనా? పెళ్ళికి ముందు అమ్మ ఇల్లు. తరువాత అత్తగారి ఇల్లు. ఆ తరువాత అద్దె ఇళ్ళు, మేకు కొట్టాలన్నా అడగాలి. ఈ అపార్టుమెంటు బ్యాంకు అప్పుతో, పిల్లల కాలేజీకి దగ్గర అని కొన్నాం. ఏ కిటికీ ఎటు ఉండాలో నన్ను ఎవరూ అడగలేదు. సూర్యలంక ఇంట్లో తూర్పు వైపు ఒక చిన్న గది ఉంది, ఫొటోలో చూశావు. పొద్దున లేచి అక్కడ కూర్చోవాలని ఉంది. దానికి నీ లెక్కలో ఎంత వేస్తావు?

అక్క: దానికి నా దగ్గర లెక్క లేదు.

చెల్లెలు: మరి?

అక్క: ఆ గదిలో నిన్ను కూర్చోనిస్తారా అన్నదే నా బెంగ. ఈసీ వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వము అని ఈ రాత్రే చెప్పండి. ఈ లోపల మరిదిగారిని నాలుగు రోజులు అక్కడికి తీసుకెళ్ళు. ఏదైనా ఇల్లు అద్దెకు తీసుకోండి, రోహిణి కార్తె ఎండలోనే వెళ్ళండి. పొద్దున నువ్వు లేచి తూర్పున కూర్చో, లేవకు. కాఫీ ఎవరు పెడతారో చూడు. ఆయన పెడితే, రిజిస్ట్రేషన్ రోజు వచ్చి సాక్షి సంతకం నేనే చేస్తాను.

చెల్లెలు: ఆయనకు పాలు కాచడం కూడా రాదు.

అక్క: రోహిణి కార్తెకు ఇంకా పది రోజులు ఉంది. నేర్పు.

చెల్లెలు: నేర్చుకుంటే నిజంగా సంతకం చేస్తావా?

అక్క: చేస్తాను. అమ్మ ఇంటి తాళంచెవి మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు.