జాక్సన్ అంటే కాళ్ళేనా? గొంతు సంగతేంటి?

మా విజయనగరంలో మైకేల్ జాక్సన్ పేరు తెలియని మనిషి లేడు. ఆయన పాట చెవిపెట్టి విన్న మనిషి మాత్రం వెతికితే గానీ దొరకడు. కోపం తెచ్చుకోకండి, ఎందుకంటున్నానో చెప్తాను.

సిరిమానోత్సవం రోజుల్లో ఊళ్ళో ఏదో ఒక స్టేజీ దగ్గర నిలబడండి. నల్ల టోపీ, తెల్ల సాక్సుల కుర్రాడొకడు వెనక్కి జారుతూ కనిపిస్తాడు. ఈలలు, చప్పట్లు. పక్కనున్న పెద్దాయన "జాక్సన్ స్టెప్పురా అది" అని మనవడికి చూపిస్తాడు. అక్కడితో సరి. ఇక్కడ జాక్సన్ అంటే నడుము, కాళ్ళు. ఆయనకి గొంతు కూడా ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. వేరే ఊరివాళ్ళయితే పోనీలే అనుకుందును. ఘంటసాల వచ్చి సంగీతం నేర్చుకున్న ఊరు, సుశీలమ్మ పుట్టిన ఊరు, 1919లోనే సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టిన ఊరు! ఇక్కడ కూడా పాటని కళ్ళతోనే చూస్తామంటే ఎలా?

నా గోలంతా ఒక్క పాట గురించి. 'థ్రిల్లర్' ఆల్బమ్‌లో అన్నిటికంటే చివర ఉండే 'ది లేడీ ఇన్ మై లైఫ్'.

ఆ ఆల్బమ్ 1982 నవంబరు చివర్లో వచ్చింది. మొత్తం 9 పాటలు. వాటిలో 7 సింగిల్స్‌గా, అంటే ఒక్కో పాటా విడి రికార్డుగా విడుదలై, ఏడుకి ఏడూ అమెరికాలో టాప్ 10లోకి వెళ్ళాయి. ఆల్బమ్ 37 వారాలు నంబర్ వన్‌గా ఉంది. సింగిల్‌గా రాకుండా మిగిలిపోయినవి రెండే. ఒకటి 'బేబీ బి మైన్', రెండోది ఇది. రెండూ రాసింది రాడ్ టెంపర్టన్, టైటిల్ పాట రాసిన ఆయనే. ఇంగ్లండ్ మనిషి. పాటల్లోకి రాకముందు గ్రిమ్స్‌బీలో చేపలు ఫ్రీజ్ చేసే కంపెనీలో పనిచేశాడు. (మన జిల్లాలోని చింతపల్లి రేవులో చేపలకి ఐసు కొడుతున్న కుర్రాళ్ళలో ఎవడి బుర్రలో ఏ ట్యూన్ తిరుగుతోందో ఎవరికి తెలుసు!)

ఫ్యాన్స్ మీద కూడా నాకు కొంచెం కోపముంది. "ఎవరికీ తెలియని ఆణిముత్యం" అని పోస్టు పెట్టి, కింద చూస్తే ఇదే ఆల్బమ్‌లోని 'హ్యూమన్ నేచర్' ఉంటుంది. బాబూ, అది అమెరికాలో 7వ స్థానం దాకా వెళ్ళింది. అది ఎవరికీ తెలియని పాట ఎలా అవుతుంది? 'బేబీ బి మైన్'ని వెనకేసుకొచ్చే బ్యాచ్ ఇంకొకటి. మంచి పాటే, కాదనను. కానీ అది కూడా కాలు కదిపించే పాటే. మళ్ళీ కాళ్ళ దగ్గరికే వచ్చాం, గొంతు దగ్గరికి పోలేదు.

ఈ పాట మరుగున పడటానికి కారణం నాకు తెలిసి చాలా సింపుల్. చూడ్డానికి ఏమీ లేదు. 1983 మే నెలలో అమెరికా టీవీలో ఇదే ఆల్బమ్‌లోని 'బిల్లీ జీన్' పాటకి ఆయన మూన్‌వాక్ చేశాడు, ఆ వెనక్కి జారే స్టెప్పు. అదే ఏడాది డిసెంబరులో టైటిల్ పాట 'థ్రిల్లర్'కి దయ్యాలతో సుమారు 14 నిమిషాల వీడియో వచ్చింది. అక్కణ్ణించి జనం ఆయన్ని చూడ్డం మొదలుపెట్టారు. వీడియో లేని పాట, స్టెప్పు లేని పాట, అందులోనూ నెమ్మది పాట, ఇంకెవరు పట్టించుకుంటారు? పైగా దాని చోటు కూడా అలాంటిదే. రికార్డు రెండో వైపు చిట్టచివర, మధ్యలో లేబుల్‌ని ఆనుకుని ఉండే గాడుల్లో ఉంటుంది.

మన దగ్గర దీనికి ఇంకో దెబ్బ కూడా తగిలింది. అప్పట్లో రికార్డింగ్ షాపులో బ్లాంక్ క్యాసెట్ ఇచ్చి, కాగితం మీద పాటల లిస్టు రాసిస్తే ఎక్కించి ఇచ్చేవారు. జనం అడిగే పాటలు ముందు పడేవి. టేపులో ఎంత మిగిలితే అంతలో ఆఖరి పాట సర్దేవారు. నాకు అలా ఎక్కించి ఇచ్చిన క్యాసెట్లో ఈ పాట సరిగ్గా సగానికి వచ్చేసరికి టేపు అయిపోయి, ప్లేయర్ బటన్ టక్కుమని పైకి లేచేది. చాలాకాలం నాకు ఈ పాట అక్కడిదాకానే. తీరా పూర్తిగా విన్నాక తెలిసింది, అసలు పాట మొదలయ్యేదే అక్కడ!

మొదటి సగం మామూలు ప్రేమపాట. సాహిత్యం గొప్పదని నేను వాదించను. నిన్ను చూసుకుంటాను, నా పక్కనే ఉండు, ఆ బాపతు. గొంతు కూడా కిందిస్థాయిలో, మర్యాదగా నడుస్తుంది. సగం దాటాక చెప్పాల్సిన మాటలు అయిపోతాయి. కింద వాద్యాల మీద అవే కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి, వెనక కోరస్ సన్నగా పట్టుకుని ఉంటుంది. ఇక అక్కణ్ణించి ఈయన ఒక్కడే. ఒక మాట పట్టుకుని దాన్ని సాగదీస్తాడు, విరుస్తాడు, పైకి ఫాల్సెట్టోలోకి, అంటే ఆ సన్నటి దొంగగొంతులోకి, తీసుకెళ్ళి వదిలేస్తాడు. ఆ మాట పూర్తవకుండానే ఇంకోటి అందుకుంటాడు. ఆలాపన చేసే విద్వాంసుడు ఒక స్వరం చుట్టూ తిరిగి తిరిగి మళ్ళీ దాని మీదే వాలతాడే, ఆ పని. పాట ముగియదు, అలా పాడుతూ ఉండగానే వాల్యూమ్ తగ్గిపోతుంది. అరిచేది లేదు, ఆ ప్రసిద్ధమైన "హీ హీ"లు లేవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది.

ఇది ఊరికే వచ్చింది కాదు. ఆయన ఆత్మకథ 'మూన్‌వాక్'లో రాసుకున్నాడు. డజన్ల కొద్దీ టేకులు పాడినా ఆల్బమ్ నిర్మాత క్విన్సీ జోన్స్‌కి నచ్చలేదట. చివరికి పక్కకి పిలిచి, ఇలా కాదు, బతిమాలుతూ పాడాలి అన్నాడట. ఈయనకి సిగ్గు. స్టూడియోలో లైట్లు తీయించి, కంట్రోల్ రూముకి మధ్యనున్న కర్టెన్ వేయించి, చీకట్లో ఒక్కడూ నిలబడి పాడాడు. మనం వినేది ఆ టేకునే. సుర్రుమని జారే ఆ కాళ్ళ మనిషి, ఎవరూ చూడకుండా పాడిన పాట ఇది! మన సంగీతం మేష్టార్లు స్వరం తప్పకుండా పాడినా "భావం ఏదమ్మా" అని విసుక్కుంటారు కదా, క్విన్సీ చేసింది అచ్చం అదే.

ఇంకో సంగతి. ఈ పాటలో ఒక పెద్ద చరణం కోసేశారు. రికార్డు మీద ఒక్కో వైపు నిడివి పెరిగేకొద్దీ గాడులు ఇరుకై శబ్దం నీరసపడిపోతుంది. తీరా ఆల్బమ్ అంతా అయ్యాక వింటే సౌండ్ పేలవంగా ఉందట. అప్పుడు నిడివి తగ్గించాల్సి వచ్చి కత్తెర పట్టుకుంటే, అది పడింది దీని మీద. అందరికీ లోకువ పాట అన్నమాట, అక్కడా ఇక్కడా.

అయినా తెలిసినవాళ్ళకి తెలుసు. 1995లో ఎల్ఎల్ కూల్ జే అనే రాపర్, బాయ్జ్ టు మెన్ అనే గాయకుల బృందంతో కలిసి చేసిన 'హే లవర్'కి ఈ పాటనే ఆధారంగా తీసుకున్నాడు. అది పెద్ద హిట్టయింది. ఆ పాట విని ఆహా అన్నవాళ్ళలో మూలం దాకా వెళ్ళినవాళ్ళు ఎంతమందో.

మా బావ ఇక్కడే ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. ఈ పాట ఒకసారి స్టేజీ మీద వేయొచ్చు కదా బావా అని అడిగాను. "ఏటి మరిది, నీకు పిచ్చా? జాక్సన్ అని అనౌన్స్ చేసి డాన్సర్ రాకపోతే కుర్చీలు విసిరేస్తారు" అన్నాడు. ఆయన అనుభవం ఆయనది, కాదనలేను. కానీ పెళ్ళి రిసెప్షన్‌లో ఎనిమిదిన్నరకి జనమంతా భోజనాల దగ్గర ఉంటారు, స్టేజీ ముందు నలుగురు ముసలాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఆ టైములో వేయమంటున్నాను నేను. ట్రాక్ నేనే తెస్తాను, బాగా పాడగల కుర్రాణ్ణి కూడా చూసిపెడతాను. డాన్సర్ అక్కర్లేదు కాబట్టి ఆ డబ్బులు కూడా మిగులుతాయి. బావా, ఈ పోస్టు చదువుతావని తెలుసు. ఈ పెళ్ళిళ్ళ సీజన్లో ఒక్కసారి.