ఊరి పటం ఊరే గీయాలి

ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి నీళ్లొస్తాయో తెలుసుకోవడానికి మన పట్టణాల్లో ఎవరూ ఫైళ్లు వెదకరు. నీళ్లు వదిలే మనిషిని అడుగుతారు. పాత ఇనుప పైపు ఎక్కడిదాకా ఉందో, మధ్యలో ప్లాస్టిక్ ముక్క ఎక్కడ అతికించారో, రోడ్డు ఎత్తు పెంచినప్పుడు తారు కింద పడిపోయిన వాల్వు గుంత ఏ దుకాణం ముందుందో ఆయనకు కంఠతా వచ్చు. ఆయన వారం సెలవు పెడితే బిందెలు రోడ్డెక్కుతాయి. ఆయన రిటైరైన రోజు శాలువాతో పాటు ఆ పటం కూడా ఇంటికి వెళ్లిపోతుంది. అనంతపురమైనా, కర్నూలైనా, కడపైనా ఇదే కథ.

ఆఫీసుల్లో మ్యాపులు లేవా అంటే ఉన్నాయి. గోడకు లామినేషన్ చేసిన మాస్టర్ ప్లాన్ ఒకటి, కంప్యూటర్లో ఏదో ఏజెన్సీ ఇచ్చి వెళ్లిన పీడీఎఫ్ ఒకటి. చూసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. నిన్న వేసిన పైపును అందులో గీయడం మాత్రం కుదరదు. భౌగోళిక సమాచార వ్యవస్థ, అందరూ జీఐఎస్ అని పిలుచుకునేది, మన స్థానిక సంస్థల్లోకి ఎక్కువగా కాంట్రాక్టు రూపంలోనే వచ్చింది. డ్రోన్ ఎగురుతుంది, బిల్లు పాసవుతుంది, పటం అందుతుంది, కొన్నాళ్లకు పాతబడుతుంది. దాన్ని సరిదిద్దాలంటే మళ్లీ టెండరు. ఈ చట్రం నుంచి బయటపడాలంటే మ్యాపు చేయడం గ్రామ, వార్డు సచివాలయాల్లో కూర్చున్న సిబ్బందికే రావాలి. అది వారి రోజువారీ పనిలో భాగం కావాలి. ప్రభుత్వాన్ని మేము కోరుతున్నది ఇదే.

జీఐఎస్ పటంలో ప్రతి గీత వెనకా ఒక పట్టిక ఉంటుంది. పైపు గీత మీద నొక్కితే అది ఎప్పుడు వేసిందో, ఎన్ని అంగుళాలదో, కిందటిసారి ఎక్కడ పగిలిందో కనబడాలి. రోడ్లది ఒక లేయరు, ఇళ్లది ఒకటి, వాగులు వంకలది ఇంకొకటి. వాటిని ఒకదానిపై ఒకటి పరిచినప్పుడు, విడివిడిగా ఏ ఫైలూ నోరు విప్పని సంగతులు బయటికొస్తాయి.

మన సీమకు ఇది మరీ అవసరం. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. వరుసగా కొన్నేళ్లు వాన ముఖం చాటేస్తే వంక దారి అవుతుంది, దారి పక్కన షెడ్డు లేస్తుంది, షెడ్డు ఇల్లవుతుంది, ఇంటికి కరెంటు మీటరూ పన్ను రసీదూ వస్తాయి. వంకకు మాత్రం మతిమరుపు లేదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు నీట మునిగినప్పుడు కొత్త నీళ్లేమీ రాలేదు. తమ పాత తోవ వెదుక్కుంటూ వచ్చాయి. పాత గ్రామ పటంలో వంక వెడల్పెంత, ఇప్పటి ఉపగ్రహ చిత్రంలో మిగిలిందెంత అన్నది ఒకే తెర మీద పెట్టి చూడటం, పని తెలిసినవాళ్లకు పెద్ద పని కాదు. అలాంటివాళ్లు వార్డు ప్లానింగ్ కార్యదర్శి కుర్చీలో ఉంటే లేఅవుట్ దరఖాస్తు వచ్చిన నాడే అభ్యంతరం రాయగలరు. ఆ అభ్యంతరాన్ని పైవాళ్లు ఖాతరు చేస్తారా అన్నది వేరే ప్రశ్న. కాగితం మీద గీత ఉన్నప్పుడు దాన్ని తొక్కి వెళ్లినవారెవరో కూడా తెలుస్తుంది. బహుశా ఈ శిక్షణల మీద ఉత్సాహం అంతంతమాత్రంగా ఉండటానికి అదీ ఒక కారణమేమో.

నేల కొలిచే విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు ఇంగ్లీషువారి చేతికి వచ్చాక, 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలం కొలిపించాడు. 33 అడుగుల గొలుసు. అంత పొడుగూ అంత వెడల్పూ ఉన్న చెక్కలు 40 కలిస్తే ఎకరం. నలుగురితో మొదలైన ఆ సర్వే బృందం, స్థానికులకు పని నేర్పుకుంటూ పెరిగింది. ఆ తర్వాత 1811లో ఇంగ్లీషు సర్వేయరు లాంబ్టన్ బృందం, దేశాన్ని త్రిభుజాలుగా కొలిచే మహా త్రికోణమితి సర్వే కోసం, మిగతా కొలతలన్నీ ఆనుకునే ఆధారరేఖను మన గుత్తి దగ్గరే కొలిచింది. దేశ పటానికి నడుమెముకలాంటి కొలత మన రేగళ్ల మీదుగా సాగిందన్నమాట. మన్రో కొలిచింది శిస్తు కోసమేనని మరిచిపోనక్కర్లేదు. ఇవాళ్టికీ పట్టణాల్లో ఇంటి పన్ను కోసం చేసే లెక్కకున్న శ్రద్ధ, మురుగు కాలువ ఎటు పారుతోందన్న లెక్కకు ఉండదు. అయినా ఆనాటి నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. అతను సర్వేయర్లను బయటినుంచి దిగుమతి చేసుకుంటూ కూర్చోలేదు, ఇక్కడివాళ్లకు గొలుసు పట్టడం నేర్పాడు.

ఇప్పుడు శిక్షణ ఎలా జరుగుతోంది? విజయవాడలోనో హైదరాబాదులోనో రెండు రోజుల వర్క్‌షాప్. తెర మీద ఇంగ్లీషు మెనూలు, ఎక్కడో విదేశీ నగరపు నమూనా డేటా, మధ్యాహ్నం భోజనం, చివర్న సర్టిఫికెట్లు పట్టుకుని గ్రూప్ ఫొటో. నేల విడిచి సాము అంటే ఇదే. తిరిగొచ్చిన ఇంజినీరింగ్ అసిస్టెంటు తన వార్డు పటం తెరవబోతే మొదటి గంటలోనే ఇరుక్కుపోతాడు. ఎందుకంటే అసలు చిక్కులన్నీ మన డేటాలో ఉన్నాయి, నమూనా డేటాలో కాదు.

ఒక చిక్కు చెబుతాం. చీనీకాయ తొక్క ఒలిచి బల్ల మీద పరచండి, ఎక్కడో ఒకచోట చిరగక తప్పదు. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తేవడమూ అంతే. అందుకని భూగోళాన్ని 6 డిగ్రీల చొప్పున 60 పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని విడిగా చదును చేస్తారు. 43వ పట్టీ, 44వ పట్టీ కలిసే గీత 78వ రేఖాంశం. అది సరిగ్గా మన నెత్తిన పోతుంది. అనంతపురం, గుత్తి, ధర్మవరం 43లో పడితే, కర్నూలు, తాడిపత్రి వెంట్రుకవాసిలో 44లోకి జారాయి. కడప ఎటూ 44లోనే. ఈ సంగతి తెలియని మనిషి తాడిపత్రి కొలతలు తెచ్చి 43 అని నమోదు చేస్తే తాడిపత్రి ఊరు ఊరంతా పోయి గోవాకు అవతల అరేబియా సముద్రంలో తేలుతుంది. కంప్యూటర్ ఏమీ అనదు. తన పని సవ్యంగానే చేశాననుకుంటుంది. ఒకే జిల్లా రెండు పట్టీల్లో పడ్డప్పుడు ఏంచేయాలన్నది అనంతపురంలో నేర్పాల్సిన మొదటి పాఠం. మరో చోట అది ఫుట్‌నోట్‌కు కూడా రాదు.

ఇంకో చిక్కు పాత కాగితాలది. రెవెన్యూ శాఖ పొలం కొలతల పుస్తకంలోని పటాల్లో, అంటే ఎఫ్‌ఎంబీల్లో, పొలం కొలతలుంటాయి గానీ ఆ పొలం భూమ్మీద ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలుండవు. గ్రామ పటాన్ని స్కాన్ చేసి నేలకు అతికించాలంటే, కాగితం మీదా నేల మీదా కదలకుండా ఉన్న గుర్తులు కావాలి: చెరువు తూము, గుడి, పాత బావి, మూడు ఊళ్ల పొలిమేర రాయి. అలాంటి గుర్తులు నాలుగైదు దొరికితే పటం దారికొస్తుంది. ఆ రాయి ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, ఊళ్లో పెద్దాయనకు తెలుసు. మూడో చిక్కు చూడటానికి చిన్నది, రోజులు తినేస్తుంది. బుక్కరాయసముద్రం ఒక జాబితాలో అలాగే ఉంటుంది, ఇంకోదాంట్లో బీకే సముద్రం అవుతుంది, మూడోదాంట్లో ఇంగ్లీషు స్పెల్లింగు మారుతుంది. మనకు ఒకే ఊరు, కంప్యూటర్‌కు మూడు. ప్రతి గ్రామానికీ కేంద్ర డైరెక్టరీలో ఒక కోడ్ ఉంది. పేర్లు వదిలి ఆ కోడ్ వాడటం నేర్పితే సగం తలనొప్పి తీరుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఈ తిప్పలన్నీ మళ్లీ మొదటికొచ్చాయి.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బుల్లేవన్న సాకు ఎప్పుడో చెల్లిపోయింది. క్యూజీఐఎస్ 2002 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఔత్సాహికులు పెంచుకుంటూ వచ్చిన జీఐఎస్ సాఫ్ట్‌వేర్. పైసా చెల్లించకుండా దించుకోవచ్చు, మామూలు కంప్యూటర్లో నడుస్తుంది. మ్యాపులు చేయాలంటే ఢిల్లీ అనుమతులు కావాలన్న భయం కూడా అక్కర్లేదు, 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఆ నిబంధనలను చాలావరకు సడలించింది. మనుషులూ ఉన్నారు. 2019 అక్టోబరు 2న మొదలైన సచివాలయ వ్యవస్థలో గ్రామ సర్వేయర్లు, ఇంజినీరింగ్ అసిస్టెంట్లు, డిజిటల్ అసిస్టెంట్లు, వార్డుల్లో ప్లానింగ్ కార్యదర్శులు ఉన్నారు. సివిల్ చదివిన పిల్లలను పింఛన్ల పంపిణీకీ, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ఇంటింటి సర్వేలకూ తిప్పడం తప్ప వారి చదువుకు తగ్గ పని మనం పెద్దగా పెట్టలేదు.

వాళ్లు నేర్చుకోగలరా అన్న సందేహానికి భూముల రీసర్వేనే జవాబు. 2020 డిసెంబరులో అది మొదలయ్యాక, గ్రామ సర్వేయర్లు ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లను భుజాన వేసుకుని పొలాల్లో తిరిగారు. పరికరం పట్టడం వచ్చింది. అయినా విస్తీర్ణం తగ్గిందనీ, హద్దు జరిగిందనీ అర్జీలు ఎందుకు గుట్టలు పడ్డాయి? కొలత సెంటీమీటర్లలో సరిగ్గా ఉన్నా, కొలిచేటప్పుడు రెండు గట్ల రైతులూ పక్కన లేకపోతే అది ఎవరి హద్దూ కాదు. మా దృష్టిలో జీఐఎస్ శిక్షణలో సగం కాలం కంప్యూటర్ ముందు కాకుండా వీధిలో గడవాల్సింది ఇందుకే.

కర్నూలునే చూడండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి నగరాన్ని ముంచాయి. ఆ రాత్రి నీళ్లు ఏ గుమ్మం దాకా వచ్చాయో, ఏ మేడ మెట్టు దగ్గర ఆగాయో పాతబస్తీలో ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తారు. ఆ చూపించేవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. శిక్షణలో ఉన్న కార్యదర్శి చేతికి ఫోనూ టేపూ ఇచ్చి, వారంపాటు తన వార్డులో తిరిగి ఇంటింటా ఆ మట్టాన్ని గుర్తించమంటే, ఏ కన్సల్టెన్సీ అమ్మలేని ముంపు పటం తయారవుతుంది. ఉమ్మడి కడప జిల్లాలో 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. ఆ గట్టు పల్లెల్లో కూడా ఈ పని ఇంకా చేయవచ్చు, జ్ఞాపకాలు పచ్చిగానే ఉన్నాయి.

ఉపాధి హామీ పనులది మరో రకం విచిత్రం. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. తవ్విన ప్రతి కుంటకూ ఫొటో తీసి, అక్షాంశ రేఖాంశాలతో పైకి పంపడం ఏళ్లుగా జరుగుతోంది. పంపడమే గానీ మనం చూసుకోవడం అరుదు. ఏ వాలులో కుంటలు గుమిగూడాయి, ఏ బోర్లకు అవి పనికొచ్చాయి, మరవ పారని చెరువు ఎగువన ఎన్ని తవ్వారు అన్నవి గ్రామసభలో ఒక గోడ మీద తెర కట్టి చూపిస్తే వచ్చే ఏడాది పనుల జాబితా ఇప్పటిలా ఉండదు. ఉపగ్రహ చిత్రాలతో ఇస్రో నడిపే భువన్ పోర్టల్ ఉంది, అందులో పటాలున్నాయి, నిజమే. పైవాళ్లు మనల్ని చూడటానికి కట్టిన కిటికీని మనవైపు తిప్పుకోవడం తెలియాలి. ఒక హెచ్చరిక: పింఛనుదారుల ఇళ్లు, రోగుల వివరాలు, ఆధార్ సంఖ్యలు గోడ మీది పటంలోకి ఎక్కకూడదు. ఈ మర్యాద కూడా శిక్షణలోనే నేర్పాలి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను అందులో వరుసగా చెక్కారు. గట్టి నేల, తియ్యటి నీటి ఏరు, నిడుపాటి రాళ్లున్న గని, వీటి సరసనే జలశాస్త్రం తెలిసిన పండితుడినీ, కట్ట కట్టడంలో ఆరితేరిన పనివారినీ లెక్కపెట్టారు. మన టెండరు కాగితాల్లో యంత్రాలకు పేజీలు పేజీలుంటాయి, మనిషి నేర్పుకు ఒక వరుస.

చేయవలసింది పెద్దదేమీ కాదు. మూడు జిల్లాల్లో ఒక్కో మండలాన్నీ, ఒక్కో పట్టణంలో రెండు మూడు వార్డులనూ ఎంచుకుని, ఆరు నెలలపాటు వారానికి ఒకరోజు పింఛన్ల పనీ సర్వేల పనీ లేకుండా సిబ్బందిని వదిలేయాలి. పాఠం తెలుగులో సాగాలి. లేయర్, పాయింట్, లైన్ వంటి మాటలు అలాగే ఉన్నా నష్టం లేదు. అనంతపురం జేఎన్టీయూ సివిల్ విద్యార్థులను తోడు పంపితే వాళ్లకూ ప్రాజెక్టు దొరుకుతుంది. పరీక్ష కాగితం అక్కర్లేదు. ఎవరి వార్డు పైపులైను పటాన్ని వారు గీసి, నీళ్లు వదిలే మనిషి ముందు పెట్టాలి. తప్పులకు ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టే అధికారం ఆయనది. దిద్దిన పటానికి ఆయన పేరు కూడా కింద రాయాలి.

ఇంత చేశాక కూడా ఒక ఉత్తర్వు అన్నిటినీ చెరిపేయగలదు: బదిలీ. నేర్చుకున్న మనిషి వెళ్లిపోతాడు, పటం అతని ల్యాప్‌టాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో వెళ్లిపోతుంది. ఉద్యోగి చార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలు, క్యాష్ బుక్, రబ్బరు స్టాంపులు లెక్కపెట్టి సంతకాలు తీసుకునే ఆనవాయితీ మన ఆఫీసుల్లో ఎప్పటినుంచో ఉంది. ఆ జాబితాలో ఇంకో వరుస చేర్చాలి: మ్యాపుల ఫోల్డరు, చివరిసారి సరిదిద్దిన తేదీ.