మెష్ చేసే ముందు ఆ చేతిని మోకాలి మీద నుంచి తీయండి

3డీ బొమ్మలు చెక్కే సాఫ్ట్‌వేర్ జీబ్రష్‌లో మానెకిన్‌కి (గోళాలతో కట్టిన నమూనా బొమ్మకి) చక్కగా పోజ్ పెట్టి, తీరా మెష్‌గా (చిన్న చిన్న పలకలతో అల్లిన ఉపరితలంగా) మార్చాక అంతా గజిబిజి అయిపోయిందని బాధపడేవాళ్లను తరచూ చూస్తున్నాను. అందరూ తిట్టేది ఆ పలకలను మళ్లీ పొందికగా అల్లే జీరీమెషర్‌నే. నా మాట సూటిగా చెప్తాను. తప్పు దానిది కాదు. అంతకు చాలా ముందే, బొమ్మ ఇంకా మానెకిన్‌గా ఉన్నప్పుడే తప్పు జరిగిపోయింది.

నేనూ ఆ తప్పు చేశాను. ఒక మనిషి కూర్చుని, అరచెయ్యి మోకాలి మీద ఆనించిన పోజ్ అది. వెన్ను వంపు, తల వాలు, ఒక భుజం కిందికి జారిన తీరు, అన్నీ కుదిరాయి. ఆ ఊపులో డైనామెష్ చేసేశాను, అంటే బొమ్మ మొత్తాన్నీ సమానమైన గళ్ల మెష్‌గా మార్చేశాను. జూమ్ చేసి చూస్తే అరచెయ్యి మోకాలిలో కలిసిపోయి ఉంది. నాలుగు వేళ్లూ అతుక్కుని ఒకే ముద్ద. చంకలో, బాతు కాలి వేళ్ల మధ్య ఉంటుంది చూడండి, అలాంటి పొర. రెండు రాత్రులు ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చున్నాను. అయినా కుదరలేదు.

డైనామెష్ మోడల్ మొత్తాన్నీ ఒకే సైజు గళ్లుగా చూస్తుంది. రెండు భాగాల మధ్య సందు ఆ గడి కన్నా చిన్నదైతే రెండింటినీ కలిపి అతికేస్తుంది. అప్పుడు మనం చేసే మొదటి పని రిజల్యూషన్ పెంచడం. 128 ఉన్నదాన్ని 512 చేస్తాం, అదీ చాలకపోతే 1024. వేళ్లు విడిపోతాయి, నిజమే. కానీ ఏ వివరమూ అక్కర్లేని వీపు మీదా, తొడ మీదా కూడా అంతే చిన్న గళ్లు పడతాయి. ఇక స్మూత్ బ్రష్‌తో ఎంత రుద్దినా చిన్న చిన్న గుంటలు పోవు. ఎక్కువ పాలిగాన్లు (మెష్‌లోని పలకలు) ఉంటే మంచి మెష్ అనే నమ్మకం మనల్ని ముంచుతోంది.

పోజ్‌లో ఒంటికి తగిలే చోట్లన్నీ ముందే కాస్త ఎడం చేయండి. మణికట్టు కొంచెం పైకి, మోచెయ్యి ఒంటికి దూరంగా, వేళ్లు విప్పి. పోజ్ పాడైపోతుందని భయం వద్దు, అసలు పోజ్ ఉన్న మానెకిన్‌ని వేరే ఫైల్‌గా దాచుకోండి. జీస్ఫియర్లతో, అంటే ఆ గోళాలతో, చేసిన బొమ్మ కాబట్టి ‘ఎ’ కీ నొక్కితే అడాప్టివ్ స్కిన్ ప్రివ్యూ, అంటే మెష్ అయ్యాక ఎలా ఉంటుందో, కనిపిస్తుంది. మోకాలి వెనక, మోచేతి లోపల ఎక్కడ నలుగుతోందో అక్కడే తెలిసిపోతుంది. దాన్ని సరిచేయాల్సింది కూడా అక్కడే.

ఆ తర్వాతే జీరీమెషర్. టార్గెట్ 5 దగ్గర పెడితే సుమారు 5 వేల పాలిగాన్లు వస్తాయి. ఇంత తక్కువా అనిపిస్తుంది. ఒక్కో సబ్‌డివిజన్‌కి (ప్రతి పలకనీ నాలుగుగా విడగొట్టినప్పుడల్లా) నాలుగింతలవుతాయి కదా, నాలుగుసార్లకే 12 లక్షలు దాటుతాయి. మోకాళ్లకీ మోచేతులకీ చుట్టూ, పలకలు ఎటు సాగాలో చూపే గైడ్ గీతలు గీయడం మాత్రం మర్చిపోవద్దు.

ఇంకో సంగతి. రెండు పక్కలా ఒకేలా చెక్కాల్సిన క్యారెక్టర్ అయితే పోజ్‌తో మొదలుపెట్టకండి. పోజ్‌లో ఉన్న మెష్‌ని జీరీమెషర్‌కి ఇస్తే ఎడమ చేతి మీద గీతలు ఒకలా, కుడి చేతి మీద ఇంకోలా పడతాయి. రెండు పక్కలా టోపాలజీ (పలకల అల్లిక) సరిపోలితే తప్ప పోజబుల్ సిమెట్రీ, అంటే పోజ్‌లో ఉన్నా ఒక పక్క చెక్కింది రెండో పక్కా పడే సదుపాయం, పనిచేయదు. కండరం కండరం రెండుసార్లు చెక్కాలి. ఇది మొదట్లోనే చెప్పని ట్యుటోరియల్స్ మీద నాకు నిజంగా కోపం. నేర్చుకునేవాళ్ల వారాల కష్టం అది.

నా కూర్చున్న మనిషిని మళ్లీ మొదటినుంచి చేశాను. ఈసారి చెయ్యి మోకాలికి పైన, గాల్లో ఉంచి మెష్ చేశాను. వేళ్లు ఐదూ విడివిడిగా, శుభ్రంగా వచ్చాయి. అంతా అయ్యాక మిగతా ఒళ్లంతా కదలకుండా మాస్క్ చేసి, మణికట్టు తిప్పి, అరచేతిని మెల్లగా మోకాలి మీదికి దించాను. బొటనవేలు ఆనిన చోట మోకాలి పక్కన కొద్దిగా నొక్కు పెట్టాను. ఆ పనికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.