నంది బెట్ట గారికి, కాలు కింద పెట్టిన నెల్లూరోడు రాసుకున్న లేఖ

మహారాజశ్రీ నంది బెట్ట గారి సముఖానికి,

నెల్లూరులో పుట్టి, బెంగళూరులో అద్దెకుంటూ, ఆదివారాలు మీ పాదాల దగ్గరికి వచ్చిపోయే ఒక సైకిలువాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమంగా లేను. మీరు క్షేమమని తెలుసు. 1,478 మీటర్ల ఎత్తున మబ్బు కప్పుకుని కూర్చున్నవాళ్ళకి ఏమవుతుంది?

(బెట్ట అంటే కన్నడంలో కొండ. మిమ్మల్ని తెలుగులో నందికొండ అని పిలవాలనే ఉంది. కానీ నాగార్జునసాగర్ డ్యామున్న చోటు పేరూ అదే. అలా రాస్తే మావాళ్ళు సాగర్ గేట్లు ఎత్తారేమో అనుకుంటారు.)

మొన్న ఆదివారం సంగతి మీకు గుర్తుండకపోవచ్చు. మీ దగ్గరికి సైకిళ్ళేసుకుని ఎంతమంది వస్తారో, ఎంతమంది ఏడుస్తారో లెక్కేముంటుంది. నాకు మాత్రం అది పన్నెండోసారి. రెండేళ్ళలో పన్నెండు ఆదివారాలు. నేను అడిగింది ఒక్కటే. చెక్‌పోస్టు దగ్గర మొదలుపెట్టి పై గేటు దాకా, ఎనిమిది కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం, కాలు కింద పెట్టకుండా ఎక్కాలి. ఎంత టైమైనా పట్టనీ. నా పక్కనుంచి దూసుకుపోయి అరగంటలో పైకి చేరే కుర్రాళ్ళంటే నాకేమీ ఈర్ష్య లేదు. ఉంది, కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

పదకొండుసార్లు నన్ను మీరే ఆపారు, ఒప్పుకుంటాను. మొదటి ఐదు కిలోమీటర్లు ఎంత మర్యాద! కొత్తల్లుడికి వడ్డించినట్టు కాస్త ఎత్తు, మధ్యలో కాస్త ఊపిరి. ఆ మర్యాద చూసి రెచ్చిపోయి తొక్కినవాడి పని చివరి రెండు కిలోమీటర్లలో పడతారు. మలుపులు 40 అంటారు. నేను ముప్పై దాకానే లెక్కపెట్టగలను. ఆ తర్వాత అంకెలు గుర్తురావు, ఇంటి పేరు కూడా గుర్తురాదు.

మా అమ్మ ఫోన్‌లో మొత్తం విని ఒకే మాట అడిగింది. "ఒరే నాయనా, కొండ కింద కూడా నందీశ్వరుడే ఉన్నాడంట గదా. ఆడనే దండం పెట్టుకుని రారాదా?" నిజమే. కింద ఉన్నాయన భోగనందీశ్వరుడు, పైన ఉన్నాయన యోగనందీశ్వరుడు. ఆ పేర్లు పెట్టినవాళ్ళకి సైకిలు తెలియదు గానీ విషయం బాగా తెలుసు.

అయినా మీ మీద గౌరవంతో చెప్పిందల్లా చేశాను. నేను 78 కిలోలు, సైకిలూ నీళ్ళూ కలిపి 11. మొత్తం 89 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడున్నర. వాటిని సుమారు 450 మీటర్ల పైకి మోయాలి, అంటే నూటయాభై అంతస్తులు. మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తుకి నేను లిఫ్టులో వెళ్తాను. మరి బరువు తగ్గించాలి కదా! షాపులో కార్బన్ సీసా హోల్డరు చూపించి అరవై గ్రాములు తగ్గుతుందన్నారు. ఇంట్లో లెక్కేసుకుంటే నా నడుం చుట్టూ అలాంటి హోల్డర్లు వంద కనిపించాయి. ఒక్క కిలో తగ్గితే మీ మీద ముప్పై, నలభై సెకన్లు కలిసొస్తాయి. రెండేళ్ళ కిందట నేను 84. మలైకాజా మానేశాను. చేపల పులుసులో రెండో ముక్క మానేశాను. నెల్లూరు వాడు ఇంతకంటే ఏం త్యాగం చేస్తాడు, చెప్పండి.

గేర్లూ మార్చాను. వెనక 28 పళ్ళ చక్రం తీయించి, తొక్కడం తేలికయ్యేలా 34 వేయించాను. దానికి డెరైలర్ (గొలుసుని ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మార్చేది) కూడా పొడుగుది కావాలని బిల్లు చేతిలో పెట్టాక చెప్పారు. 1791లో టిప్పు సుల్తాను మీదికొచ్చిన ఇంగ్లీషు దొర కార్న్‌వాలిస్ సేన మీ కోట పట్టడానికి ఫిరంగులు ఈడ్చుకొచ్చింది. నేను తెచ్చింది ఆరు పళ్ళు.

వారంలో మూడు రోజులు పక్కవాడితో కబుర్లాడగలిగినంత నెమ్మదిగా తొక్కడం, ఒక రోజు మాత్రం ఎనిమిదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు ప్రాణం పోయేలా తొక్కడం. మొదట్లో రోజూ ప్రాణం పోయేలా తొక్కేవాణ్ణి. అలా చేస్తే ప్రాణం పోతుంది గానీ కాళ్ళు రావని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇక ఆదివారం. మూడున్నరకి లేచాను. దేవనహళ్ళి దాటేసరికి తూర్పు తెల్లబడింది. చెక్‌పోస్టు దగ్గర ఇడ్లీలమ్మే ఆమె (ఆ చుట్టుపక్కల తెలుగు బాగానే వినిపిస్తుంది) "ఈసారైనా ఎక్కుతావా అన్నా?" అంది. ఎక్కుతానన్నాను. మొదటి ఐదు కిలోమీటర్లు మీ మర్యాదకి లొంగలేదు. ముసలి ఎద్దులా పోయాను. ముప్పయ్యో మలుపు వచ్చింది. పోయిన పదకొండుసార్లూ నేను దిగిపోయిన చోటు, పిట్టగోడ మీద సున్నం ఊడిన జాగా, అదీ వచ్చింది. దాన్ని చూసి నవ్వి ముందుకెళ్ళాను! ఊపిరి ఉంది. కాళ్ళున్నాయి. కింద ఇంకో గేరు కూడా మిగిలుంది. సైకిలు తొక్కేవాళ్ళకి తెలుస్తుంది, ఆ మిగిలిన గేరు బ్యాంకులో డబ్బులాంటిది.

అప్పుడు నా ముందున్న తెల్ల కారు ఆగింది.

సూర్యుడొచ్చి అరగంట దాటింది. అయినా సూర్యోదయం చూడ్డానికి కార్లు వస్తూనే ఉన్నాయి. దాని ముందు ఇంకో కారు, దాని ముందు ఇంకోటి. కుడి పక్క నుంచి దిగే బండ్లు, ఎడమ పక్క పిట్టగోడ. గంటకి ఏడు కిలోమీటర్ల వేగంతో పోయేవాడు ఆగడానికి బ్రేకు అక్కర్లేదు, తొక్కడం ఆపితే చాలు. ఎడమ బూటు పెడల్ నుంచి టక్కుమని ఊడింది. బూటుని పెడల్‌కి పట్టి ఉంచే అడుగు బిళ్ళ, క్లీటు, తారు మీద జర్రున జారింది. కాలు కింద పడింది.

కారు అద్దం దిగింది. లోపల నలుగురు పిల్లలు, ఇంజనీరింగ్ చదువుతుంటారేమో. నా జెర్సీ వీపు మీద ఊరి పేరు చూసినట్టున్నారు, తెలుగులోనే అడిగారు. "అంకుల్, ఎలాగూ ఆగారు కదా, ఒక ఫోటో తీస్తారా?"

తీశాను. మూడు తీశాను. ఒకటి అడ్డంగా, రెండు నిలువుగా. ఫోటోలో మీరు బాగా పడ్డారు.

మళ్ళీ బయలుదేరదామంటే అంత ఎత్తు మీద కుదరదు. ఒక కాలితో నొక్కి, రెండో కాలు పెడల్ మీద పెట్టేలోపు సైకిలు ఆగిపోతుంది. రోడ్డుకి అడ్డంగా తిప్పి ఎక్కాలంటారు. అడ్డంగా తిప్పడానికి రోడ్డేదీ? మూడుసార్లు ప్రయత్నించాను, మూడోసారి పిట్టగోడని కౌగిలించుకున్నాను. క్లీట్లు టకటకమంటుంటే కాస్త చదును వచ్చేదాకా తోసుకుంటూ నడిచాను. అరవై అడుగులు, లెక్కపెట్టాను. ఆ అరవై అడుగుల్లోనే మీ కోతి ఒకటి వచ్చి నా వెనక జేబులోంచి అరటిపండు తీసుకుపోయింది. నిదానంగా తీసుకుపోయింది. నేను తరమలేనని దానికి తెలుసు.

ఇక మీరు లేదు, గారు లేదు. ఏం కొండవయ్యా నువ్వు? రెండేళ్ళు నాకు బలం లేదని దించావు, సరే, న్యాయమే. బలం తెచ్చుకుని వస్తే కార్లు అడ్డం పెట్టించావు! ఊపిరి లేక దిగితే ఇంటికెళ్ళి ఊపిరి పెంచుకుంటాను. కారు ఆగితే ఏం పెంచుకోను? ఆరు కిలోలు తగ్గాను. రెండో ముక్క మానేశాను. ఆ మలుపు మొహాన నవ్వాను కూడా, ఇంకో రెండు వందల గజాలు ఇస్తే నీ సొమ్మేం పోయేది? పెన్న నీ కొండల్లో పుట్టి ఒక్క పూటైనా అక్కడ నిలవకుండా 597 కిలోమీటర్లు పరిగెత్తి మా జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో ఎందుకు దూకిందో మొన్నే అర్థమైంది. నీ దగ్గర పుట్టినదే దిగిపోయింది, దాని నీళ్ళు తాగి పెరిగిన నేను ఎదురెక్కి వస్తున్నాను. వెర్రిబాగులవాణ్ణి.

పైన గేటు దగ్గర టైము చూసుకుంటే, ఫోటోలూ నడకా పోగా 53 నిమిషాలు. నిరుడు గంటా పది. ఈ మాట నీకు చెప్పకూడదనుకున్నాను.

దిగేటప్పుడు రిమ్ములు వేడెక్కాయి, చేతులు తిమ్మిరెక్కాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికే. సున్నం ఊడిన జాగా దగ్గర ఒక పెద్దాయన సైకిలు దిగి, గోడని పట్టుకుని వంగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. "కాసేపు ఆగి ఎక్కండి సార్, ఇంకెంతో లేదు" అని అబద్ధం చెప్పి వచ్చాను.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి మా సెల్లార్ ర్యాంపు మధ్యలో సైకిలు ఆపి, అక్కడినుంచే మళ్ళీ బయలుదేరడం నేర్చుకుంటున్నాను. పెడల్ కాస్త పైకి తెచ్చి, వెనక బ్రేకు పట్టి, ఒక్క తోపు. నిన్న పదిలో ఏడుసార్లు కుదిరింది. వాచ్‌మన్ నాలుగు రోజులు చూసి, తాళంచెవి ఏమైనా పోయిందా సార్ అని టార్చి తెచ్చాడు.

వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తాను. ఆ కోతితో చెప్పండి, ఈసారి అరటిపండు ముందు జేబులో ఉంటుంది.

ఇట్లు,
మీ పన్నెండు ఆదివారాల బాకీదారు