స్కానింగు గది తాళం
ఒడిశా సరిహద్దులోని మా గజపతి, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాల్లో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే మొదట తేల్చుకోవలసింది శ్రీకాకుళమా, విశాఖపట్నమా, బరంపురమా అన్నదే. మా మామయ్యను అర్ధరాత్రి అలాగే కారులో తీసుకువెళ్లాము, ఎందుకంటే మా ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో సీటీ స్కానింగు గదికి తాళం వేసి ఉంది. యంత్రం పాడైందని ఒకరు, నడిపే మనిషి లేడని మరొకరు చెప్పారు.

ఆ యంత్రాన్ని ఎంతకు కొన్నారు, వారంటీ ఎప్పటివరకు ఉంది, నిర్వహణ ఒప్పందం కింద ఏటా ఎంత చెల్లిస్తున్నారు, గత ఏడాదిలో అది ఎన్ని రోజులు పనిచేసింది అని సమాచార హక్కు దరఖాస్తులో అడిగాను. ఏ రోగి వివరమూ అడగలేదు. 30 రోజుల్లో రావలసిన జవాబు గడువు దాటాక, అదీ ఒకే వాక్యంలో వచ్చింది: ఇది వాణిజ్య రహస్యం. 2005 నాటి చట్టంలోని 8(1)(డి) వాణిజ్య రహస్యాలను కాపాడుతుందన్నది నిజమే, కానీ విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వాటినీ వెల్లడించవచ్చని అదే నిబంధన చెబుతుంది. పైగా బడ్జెట్ కేటాయింపులను, చెల్లింపులను ఎవరూ అడగకముందే ప్రకటించాలని 4వ సెక్షన్ ఆదేశిస్తోంది. ప్రజల డబ్బుతో కొన్న యంత్రం ఎన్ని రోజులు మూలన పడి ఉందో చెబితే ఏ కంపెనీ వ్యాపారం దెబ్బతింటుంది? ఆ రాత్రి దారిలో గడిచిన ప్రతి గంటా మామయ్యకు ప్రాణసంకటంగా గడిచింది.

మొదటి అప్పీలు నిన్ననే పంపాను.