వాటా ముందు, పని తర్వాత

ఫౌండేషన్లు ఊళ్లలో చేపట్టే పనులు డబ్బు లేక ఆగేకంటే, డబ్బిచ్చినవారు వెళ్లిపోయాక మూలపడేవే ఎక్కువ. మోటారు కాలిపోతే రీవైండింగ్ ఖర్చు ఎవరిది? వాల్వు ఎవరు తిప్పాలి? స్టార్టర్ గది తాళం ఎవరి దగ్గరుండాలి? ప్రారంభోత్సవం నాటికి ఇవి తేలకపోతే ఆ పథకం ఆయుష్షు మొదటి పెద్ద మరమ్మతు దాకానే. శిలాఫలకం మాత్రం చెక్కుచెదరదు.

ఒడిశాలో గ్రామ్ వికాస్ సంస్థ ఊళ్లోని ప్రతి కుటుంబమూ ఒప్పుకుంటేనే నీళ్లు, మరుగుదొడ్ల పనికి దిగింది. ఇంటికి సగటున వెయ్యి రూపాయల చొప్పున మూలనిధి కట్టించి బ్యాంకులో డిపాజిట్ చేయించింది. దానిపై వడ్డీ రోజువారీ ఖర్చులకు కాదు, రేపు కొత్తగా వేరుపడే కాపురాలకూ అవే సదుపాయాలు కల్పించడానికి. ‘సగటున’ అనడంలోనే కిటుకుంది. ఉన్నవారు కాస్త ఎక్కువ వేసుకుంటే లేనివారి లోటు పూడుతుంది. తలా సమానమంటే ముందుగా తప్పుకునేది కూలి కుటుంబాలే.

పాకిస్తాన్‌లోని కరాచీలో, ఒరంగీ అనే పేదల బస్తీలో 1980లో సామాజిక కార్యకర్త అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు మురుగు పారుదల ఖర్చునే రెండుగా విడదీసింది. ఇంటి మరుగుదొడ్డి, వీధి మురుగు పైపు నివాసులవి; పెద్ద కాలువలు, శుద్ధి ప్రభుత్వానివి. సంస్థ ఇచ్చింది సర్వే, అంచనాలు, సాంకేతిక సలహా. స్వావలంబన పేరిట సర్కారు బాధ్యతను కూడా జనం నెత్తినే రుద్దే సంస్థలు ఈ గీతను గమనించాలి.

చదువు విషయంలో భవనాలు, ట్యాబ్‌లు లెక్క చూపడం తేలిక. పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి అక్షరం, పదం, పేరా, కథల్లో ఎందాకా చదవగలరో చూసి, తరగతితో నిమిత్తం లేకుండా జట్లు కట్టడం ఓపికతో కూడిన పని. ప్రథమ్ సంస్థ చేసి చూపిన ఈ పద్ధతికి హరియాణాలో బడివేళల్లోనే రోజుకో గంట కేటాయించి, పర్యవేక్షణ పెడితే ఫలితం కనిపించింది. బిహార్‌లో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి ఊరుకున్న చోట కనిపించలేదు. ఉత్తరాఖండ్‌లోనైతే ఈ పద్ధతి కోసం పెట్టిన వలంటీర్లను బడి మామూలు పాఠాలకే వాడేసుకుంది.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిబంధనల ప్రకారం కొనసాగే ప్రాజెక్టుకు, మొదలైన ఏడాది కాకుండా మూడేళ్ల దాకా వ్యవధి ఉంది. అందులో ఆఖరి ఏడాదిని అప్పగింతకే కేటాయిస్తామని ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. ఆ ఏడాది సంస్థ ఉద్యోగి గ్రామ సంఘం సమావేశాల్లో కూర్చోవచ్చు గానీ, పద్దు రాయకూడదు, చెక్కుపై సంతకం చేయకూడదు.