ర్యామ్ కంటే ముందు హార్డ్ డిస్క్ చూడాలి
పాత డెస్క్‌టాప్ నెమ్మదిస్తే ముందు ర్యామ్ పెంచుకోవాలని ఒక వ్యాసంలో ఇచ్చిన సలహాతో ఏకీభవించలేను. చాలాసార్లు అడ్డం పడేది హార్డ్ డిస్కే. సిస్టమ్ ఆన్ చేయగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. మెమరీ (అంటే ర్యామ్ వాడకం) 60 శాతం దగ్గరే ఉండి డిస్క్ మాత్రం నిమిషాల తరబడి 100 దగ్గర నిలిచిపోతే, ర్యామ్ మీద పెట్టే డబ్బు దండగే. తిరిగే డిస్క్‌కి చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చోట్ల నుంచి చదవడమే గగనం. తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే మామూలు సాటా ఎస్ఎస్‌డీ (సాటా అంటే డిస్క్‌ని బోర్డుకి కలిపే కనెక్షన్) వేల చోట్ల నుంచి చదువుతుంది, కాబట్టి పాత డిస్క్ బదులు అది వేసుకోండి. అది ఏ పోర్టుకి తగిలిస్తున్నారో కూడా చూసుకోవాలి. హెచ్81 చిప్‌సెట్ లాంటివి ఉన్న పాత మదర్‌బోర్డుల్లో నాలుగు సాటా పోర్టులుంటే అందులో రెండే సెకనుకు 6 గిగాబిట్ల వేగం ఉన్నవి, మిగతావి 3. పాత డిస్క్‌లోని విండోస్, ఫైళ్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎస్ఎస్‌డీలోకి కాపీ (క్లోన్) చేశాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ తీసేయండి, లేకపోతే విండోస్ మళ్లీ దాని నుంచే లేవచ్చు. క్లోన్ చేసేముందు డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో సీ5 (చదవలేకపోతున్న సెక్టార్లు, అంటే డిస్క్‌లోని చిన్న భాగాల లెక్క) విలువ సున్నా కాకపోతే ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే చెడిన సెక్టార్ల దగ్గర క్లోనింగ్ మధ్యలో ఆగిపోవచ్చు. నిజంగానే మెమరీ 90 శాతం దాటుతుంటే ర్యామ్ వేయండి, కాదనను. అప్పుడు కూడా ఒకటే 8 జీబీ స్టిక్ కంటే రెండు 4 జీబీ స్టిక్‌లు మేలు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు స్టిక్‌లు ఒకేసారి పనిచేసే డ్యూయల్ చానల్ తేడా స్పష్టంగా తెలుస్తుంది.